జీనోమ్ చరిత్ర – 9: తెగిన చోట్ల లెక్క

మనిషి కణంలో క్రోమోజోములు 23 జతలు, చిట్టెలుక కణంలో 20 జతలు. ఈ రెండు జీవుల వంశాలు విడిపోయి ఏడున్నర కోట్ల నుంచి తొమ్మిది కోట్ల ఏళ్లు అయి ఉంటుందని అంచనా. ఆ కాలమంతటా రెండు వైపులా డీఎన్ఏలో మార్పులు పేరుకుంటూ వచ్చాయి. అవి రెండు రకాలు. ఒక అక్షరం పోయి ఆ చోట ఇంకో అక్షరం రావడం మొదటి రకం. క్రోమోజోము విరిగి, ఆ ముక్క తలకిందులై మళ్లీ అక్కడే అతుక్కోవడం, లేదా వేరే క్రోమోజోముకు అంటుకోవడం, రెండు క్రోమోజోములు ఒకటైపోవడం, ఒకటి రెండుగా చీలడం, ఇవన్నీ రెండో రకం. దీనికి తాళపత్ర గ్రంథం పోలిక బాగా కుదురుతుంది. నకలు రాసేవాడు చేసే అక్షరదోషాలు వేరు, తాడు తెగి ఆకులు చెదిరితే ఎవరో కొన్నిటిని తిరగేసి వరుస తప్పించి మళ్లీ గుచ్చడం వేరు. అక్షరదోషాలు పట్టాలంటే రెండు ప్రతులను పంక్తి పంక్తికీ సరిచూసుకుంటే చాలు. ఆకులు ఎన్నిసార్లు చెదిరాయో, ఎక్కడెక్కడ తాడు తెగిందో తెలియాలంటే మాత్రం వెనక్కి లెక్క కట్టాలి. క్షీరదాల జీనోమ్‌లకు ఆ వెనకలెక్క ఎలా కుదిరిందో, కుదిరాక ఎంత తగువు రేపిందో ఈ భాగంలో విషయం.

లెక్క మొదలైంది పండ్ల ఈగతో. కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్ దగ్గర చదువుకుంటూ 1913లో మొట్టమొదటి జన్యుపటం గీసిన ఆల్ఫ్రెడ్ స్టర్టివెంట్, 1921లో దగ్గరి చుట్టరికం ఉన్న రెండు ఈగ జాతుల పటాలను పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఒక ముక్క వరుస తిరగబడి ఉందని చూపాడు. ఈ తిరగబడటాన్నే విలోమం అంటారు. 1936లో అతడూ థియోడోసియస్ డోబ్‌ఝాన్‌స్కీ కలిసి డ్రోసోఫిలా సూడోఅబ్‌స్క్యురా అనే అడవి ఈగల మూడో క్రోమోజోములో కనిపించిన విలోమాలను పోల్చి వాటికి వంశవృక్షం గీశారు. ఈగ లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు బాగా లావుగా ఉంటాయి, వాటి అడ్డచారలు సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తాయి. పని వీలైంది అందుకే. ఆ వృక్షంలో ఒకచోట రెండు అమరికల మధ్య దూరం ఒక్క విలోమంతో పూడలేదు. నడుమ మరో అమరిక ఉండి తీరాలని తేల్చి, చేతికి దొరకని ఆ అమరికకు 'ఊహాత్మకం' అన్న అర్థమిచ్చే పేరే పెట్టి వృక్షంలో చేర్చారు. చూడని పూర్వరూపాన్ని వరుసల ఆధారంతో తిరిగి కట్టే ధైర్యం అప్పటికే ఉందన్నమాట.

ఒక వరుసను మరో వరుసగా మార్చడానికి కనీసం ఎన్ని విలోమాలు కావాలి? స్టర్టివెంట్, ఎడ్వర్డ్ నోవిట్‌స్కీ 1941లో ఈ ప్రశ్న మీద కూర్చున్నారు. చేత్తోనే లెక్కలు వేసుకుంటూ పోయి, గుర్తులు తొమ్మిది దాటేసరికి శ్రమ ఎక్కువ, నమ్మకం తక్కువ అని ఆపేశారు. తొమ్మిది వస్తువులను వరుసగా పేర్చే తీరులే 3,62,880. పదో వస్తువు చేరితే 36 లక్షలు దాటుతాయి. కాగితం, పెన్సిలు అంతవరకు వచ్చాయంటేనే గొప్ప. ఆ ప్రశ్న దాదాపు యాభై ఏళ్లు అక్కడే ఉండిపోయింది.

క్షీరదాల దగ్గర చిక్కు మరో రకంగా ఉండేది. ఈగలో ఉన్నంత వీలైన క్రోమోజోములు వాటికి లేవు. జన్యుపటాలు అరకొరగా ఉండేవి. 1984లో జోసెఫ్ నాడో, బెంజమిన్ టేలర్ మనిషి, చిట్టెలుక పటాలను పోల్చడానికి పూనుకునేసరికి రెండు జీవుల్లోనూ స్థానం తెలిసిన ఉమ్మడి జన్యువులు 83 కన్నా కొద్దిగా ఎక్కువ, అంతే. వాటిలో ఒకే ముక్కగా కలిసి ఉన్నాయని చెప్పదగినవి 13 ముక్కలు. చిట్టెలుక పటం మీద వాటి పొడవు 1 నుంచి 24 సెంటీమోర్గన్లు. జన్యువుల మధ్య ఎడాన్ని కొలిచే ఈ కొలతకు ఆ పేరు మోర్గన్ వల్లే వచ్చింది.

పదమూడు ముక్కలు చూసి మొత్తం జీనోమ్ సంగతి చెప్పడం ఎలా? నాడో, టేలర్ల పనిలో అసలు తెలివి ఇక్కడ ఉంది. పెద్ద కన్నుల వలలో పెద్ద చేపలే పడతాయి. ఒక ముక్కలో కనీసం రెండు గుర్తు జన్యువులు ఉంటేనే అది ముక్కగా కంటికి ఆనుతుంది. చిన్న ముక్కల్లో ఒకటో, సున్నానో ఉంటాయి కాబట్టి అవి వలలోంచి జారిపోతాయి. కనిపించిన ముక్కల సగటు పొడవును ఉన్నదున్నట్టు తీసుకుంటే లెక్క తప్పుతుంది. పైగా ముక్క అసలు కొసలు చివరి గుర్తులకు ఇంకా అవతల ఎక్కడో ఉంటాయి. ఈ రెండు లోపాలనూ సరిదిద్దడానికి వాళ్లు ఒక ఊహను ఆధారం చేసుకున్నారు: క్రోమోజోము ఎక్కడైనా సమానంగా విరగవచ్చు, ఫలానా చోటే విరగాలన్న నియమం లేదు. సుసుము ఓనో 1973లోనే ఇలాంటి మాట అన్నాడు. ఆ ఊహ ప్రకారం ముక్కల పొడవులు ఒక తెలిసిన గణిత వక్రరేఖను అనుసరిస్తాయి. కనిపించిన వాటి నుంచి కనిపించని వాటి సంఖ్యను అంచనా వేయవచ్చు. అలా తేలిన సగటు పొడవు 8.1 సెంటీమోర్గన్లు. వంశాలు విడిపోయాక జరిగిన పునర్విన్యాసాలు, అంటే రెండో రకం మార్పులు, 178, అటూ ఇటూ 39. తర్వాతి పదేళ్లకు పైగా పటాలు దట్టమవుతూ వచ్చినా ఈ సంఖ్య పెద్దగా కదలలేదు. దాంతో 'ఎక్కడైనా విరుగుతుంది' అన్న ఊహ, ఊహ స్థాయి దాటి పాఠ్యపుస్తకాల మాట అయిపోయింది. అంచనా సరిపోతే ఆధారంగా తీసుకున్న ఊహ కూడా నిజమేనని నమ్మడం శాస్త్రంలో తరచు జరిగేదే.

ఈలోగా స్టర్టివెంట్ వదిలేసిన ప్రశ్నను కూరగాయలు మళ్లీ తెరిచాయి. 1980లలో జెఫ్రీ పామర్ క్యాబేజీ, టర్నిప్‌ల మైటోకాండ్రియా డీఎన్ఏలను పోల్చాడు. జన్యువుల్లో అక్షరాలు దాదాపు అన్నీ ఒకటే, వరుస మాత్రం వేరు. క్యాబేజీలో ముక్కలు 1, 2, 3, 4, 5 అనుకుంటే టర్నిప్‌లో అవి 1, తలకిందుల 5, 4, తలకిందుల 3, 2 అన్న క్రమంలో ఉన్నాయి. 4ను ఒక్కదాన్నీ తిప్పాలి, 2ను ఒక్కదాన్నీ తిప్పాలి, తర్వాత 5 నుంచి 2 వరకు ఉన్న నాలుగింటినీ కలిపి ఒకేసారి తిప్పాలి. మూడు విలోమాలతో క్యాబేజీ వరుస వచ్చేస్తుంది. ఇంతకన్నా తక్కువలో పని జరగదని చూపడమూ తేలికే. టర్నిప్ వరుసలో క్యాబేజీతో సరిపోలని కలయికలు అయిదు ఉన్నాయి. ఒక విలోమానికి రెండు కొసలు, కాబట్టి అది ఒకేసారి రెండు కలయికలను మాత్రమే సరిచేయగలదు. అయిదింటిని రెండేసి చొప్పున సరిచేయాలంటే మూడు విడతలు తప్పవు. ఈ సరిపోలని కలయికలే తెగిన చోట్లు. ఇక ముందు కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

అయిదు ముక్కలకు ఇది ఆటలా ఉంటుంది, వందల ముక్కలకు ఉండదు. 1990ల మొదట్లో డేవిడ్ శాంకాఫ్, జాన్ కెచెసియోగ్లు దగ్గరి ఉజ్జాయింపు పద్ధతులు తయారుచేశారు. వినీత్ బాఫ్నా, పావెల్ పెవ్‌జ్నర్ ఈ లెక్కకు ఒక బొమ్మ కనిపెట్టారు. ప్రతి ముక్కకు రెండు కొసలు. మొదటి జీవిలో పక్కపక్కన ఉన్న కొసలను నల్లగీతతోను, రెండో జీవిలో పక్కపక్కన ఉన్న కొసలను బూడిదగీతతోను కలుపుతారు. నల్లగీత, బూడిదగీత మార్చి మార్చి పట్టుకుని పోతే దారి బయల్దేరిన చోటికే వచ్చి చక్రంలా మూసుకుంటుంది. రెండు వరుసలూ ఒకటే అయితే చక్రాల సంఖ్య గరిష్ఠం. ఒక విలోమం ఆ సంఖ్యను ఒకటికి మించి పెంచలేదు. కాబట్టి ఉండదగిన చక్రాల్లోంచి ఉన్న చక్రాలను తీసేస్తే, కనీసం ఇన్ని విలోమాలు అని చెప్పే హద్దు దొరుకుతుంది. కొన్ని మొండి అమరికలకు అదనంగా ఇంకొన్ని కావాలి. ఎప్పుడు, ఎన్ని అన్నది కచ్చితంగా తేల్చింది 1995లో శ్రీధర్ హన్నెన్‌హళ్లి, పెవ్‌జ్నర్. క్యాబేజీని టర్నిప్‌గా మార్చడం అన్న పేరుతో ఒక వ్యాసం, మనుషులను చిట్టెలుకలుగా మార్చడం అన్న పేరుతో మరో వ్యాసం ఒకే ఏడాది వెలువరించారు. మొదటిది ఒక్క క్రోమోజోముకు, రెండోది అనేక క్రోమోజోములున్న జీనోమ్‌కు. పేర్లు కొంటెగా ఉన్నా లోపలి గణితం కఠినం. రెండో వ్యాసంలో మిగిలిన చిన్న చిన్న లొసుగులను గ్లెన్ టెస్లర్ తదితరులు తర్వాత సరిదిద్దారు.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవాలి. ముక్క నిటారుగా ఉందో తలకిందులుగా ఉందో తెలిస్తేనే ఈ లెక్క త్వరగా తేలుతుంది. ఆ దిశ తెలియకపోతే, అంటే తక్కువ సమాచారం ఉంటే, సమస్య అతి కఠినమైన కోవలోకి పోతుందని 1997లో అల్బెర్టో కప్రారా నిరూపించాడు. దీనికి చుట్టమైన మరో సమస్య కూడా ఉంది. అడ్డదిడ్డంగా పేర్చిన పాన్‌కేకుల దొంతరను పైనుంచి కొన్నింటిని కలిపి తిప్పుతూ సైజు వారీగా సర్దడం. దాని మీద 1979లో క్రిస్టోస్ పాపాడిమిట్రియోతో కలిసి వ్యాసం రాసిన కుర్రవాడి పేరు బిల్ గేట్స్. శాస్త్ర పత్రికల్లో అతడి పేరు కనిపించడం అరుదు.

పద్ధతి చేతికి వచ్చాక కావలసింది సరుకు. అది 2002 డిసెంబరులో వచ్చింది. చిట్టెలుక జీనోమ్ ముసాయిదా నేచర్ పత్రికలో అచ్చయింది. మనిషి జీనోమ్‌లో దాదాపు 40 శాతాన్ని చిట్టెలుక డీఎన్ఏతో అక్షరం పక్కన అక్షరం పెట్టి పోల్చగలిగారు. వరుసల లెక్కన చూస్తే పోలిక ఇంకా ఎక్కువ. రెండు జీనోమ్‌లలోనూ 90 శాతానికి పైగా భాగం ఉమ్మడి ముక్కల్లోకి వస్తుంది. అయితే కంప్యూటర్ ఇచ్చేది ముక్కలను కాదు, లక్షల కొద్దీ చిన్న చిన్న పోలికలను. మనిషి స్థానాలను అడ్డంగా, చిట్టెలుక స్థానాలను నిలువుగా పెట్టి పోలికలన్నీ చుక్కలుగా పొడిస్తే, పొగమంచులోంచి ఏటవాలు గీతలు తేలినట్టు కనిపిస్తాయి. దగ్గరి చుక్కలను కలిపి గీతలు చేయడం, మరీ పొట్టి గీతలను పక్కన పెట్టడం, ఇదే పెవ్‌జ్నర్, టెస్లర్ 2003లో వివరించిన పద్ధతి. పది లక్షల అక్షరాలకు తక్కువున్న వాటిని వదిలేస్తే మిగిలిన ముక్కలు 281.

ఎక్స్ క్రోమోజోమును విడిగా చూస్తే సంగతి తేటగా అర్థమవుతుంది. మావి ఉన్న క్షీరదాల్లో ఎక్స్ మీది జన్యువులు ఎక్స్ మీదే ఉండిపోతాయి, బయటికి పోవడం అరుదు. ఇది ఓనో 1967లో చెప్పిన నియమం. అందువల్ల ఎక్స్‌లో జరిగినవన్నీ ఇంటిలోపలి విలోమాలే. మనిషి ఎక్స్, చిట్టెలుక ఎక్స్ 11 ముక్కలుగా సరిపోలాయి. ఒకదాని నుంచి మరొకటి రావడానికి కనీసం 7 విలోమాలు కావాలి. ఏడు విలోమాలంటే 14 కోతలు. కానీ తెగిన చోట్లు 11 మాత్రమే ఉన్నాయి. మిగతా మూడు కోతలు ఎక్కడ పడినట్టు? అంతకుముందు తెగిన చోటే మళ్లీ తెగి ఉండాలి.

ఇదే లెక్క మొత్తం జీనోమ్‌కు వేస్తే పునర్విన్యాసాలు కనీసం 245 అని తేలింది. అంటే 490 కోతలు. తెగిన చోట్లు 300. తేడా 190. ఒకే చోట మళ్లీ తెగిన సందర్భాలు 190కి తక్కువ ఉండవు. క్రోమోజోము ఎక్కడైనా సమానంగా విరిగేదైతే, కోట్ల అక్షరాల పొడవులో రెండో కోత మొదటి కోత పక్కనే పడే అవకాశం చాలా స్వల్పం. కాబట్టి జీనోమ్‌లో తేలిగ్గా విరిగే పెళుసు చోట్లు కొన్ని, గట్టి చోట్లు కొన్ని ఉన్నాయని పెవ్‌జ్నర్, టెస్లర్ ప్రకటించారు. నాడో, టేలర్ల ఊహ అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లుగా ఎదురులేకుండా ఉంది. దాన్ని కొట్టింది కొత్త ప్రయోగం కాదు, ఒక తీసివేత.

శాంకాఫ్ ఊరుకోలేదు. ఫిల్ ట్రిన్‌తో కలిసి అతడు కంప్యూటర్‌లో కృత్రిమ జీనోమ్‌లు తయారుచేసి, వాటిని ఎక్కడపడితే అక్కడ యాదృచ్ఛికంగా విరగ్గొట్టి, ఆ తర్వాత చిన్న ముక్కలను తీసిపారేశాడు. మిగిలిన ముక్కలతో లెక్క వేస్తే ఒకే చోట మళ్లీ మళ్లీ తెగినట్టు కనిపించింది! నిజానికి అక్కడ అలా ఏమీ జరగలేదు. చిన్న ముక్కకు రెండు వైపులా ఉన్న రెండు వేర్వేరు తెగిన చోట్లు, ఆ ముక్క మాయమయ్యేసరికి ఒకటిగా కలిసిపోయాయి. పెళుసు చోట్లని చెబుతున్నవి ముక్కలను వదిలేయడం వల్ల పుట్టిన నీడలు కావచ్చునని అతడి వాదం. 2006లో చియాన్ పెంగ్, పెవ్‌జ్నర్, టెస్లర్ జవాబిచ్చారు. తమ పద్ధతి చిన్న ముక్కలను ఊరికే తీసిపారేయదని, చుట్టుపక్కల చుక్కలతో కలిపి చూస్తుందని, శాంకాఫ్ అనుకరణ ఆ తేడాను పట్టించుకోలేదని వారన్నారు. అదే ఏడాది శాంకాఫ్ మళ్లీ రాశాడు. వాదం గణితం గురించి సాగినా అసలు ప్రశ్న చాలా మామూలుది. కొలిచేటప్పుడు పారేసిన చెత్తలో ఏముంది? 1984లో వలలోంచి జారిన చిన్న చేపలే ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ తగువుకు వచ్చాయి. ఈ విషయంలో శాంకాఫ్ హెచ్చరికకు విలువ ఉంది. కానీ పెళుసు చోట్ల మాట నిలబడటానికి ఇతర సాక్ష్యాలూ తోడయ్యాయి.

వాటిలో ఒకటి 2005లో విలియం మర్ఫీ బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన పోలిక. మనిషి, చిట్టెలుక, ఎలుకలతో పాటు పిల్లి, కుక్క, ఆవు, పంది, గుర్రం, మొత్తం ఎనిమిది జీవుల పటాలను పక్కపక్కన పెట్టారు. వేర్వేరు వంశాల్లో విడివిడిగా ఒకే ప్రాంతంలో తెగిన సందర్భాలు అన్నిటిలో దాదాపు 20 శాతం. ఇక్కడ కనీస విలోమాల సూత్రం మీద అంతగా ఆధారపడే పని లేదు. కుక్క వంశంలోనూ పంది వంశంలోనూ అదే చోటు తెగి ఉంటే అది కంటికే కనిపిస్తుంది. రాక్షసబల్లుల అంతం తర్వాత క్షీరదాల్లో విరగడం వేగం పుంజుకుందని కూడా ఆ బృందం తేల్చింది. రెండో సాక్ష్యం, విరిగే చోట్ల స్వభావం. మనిషి జీనోమ్‌లో పెద్ద పెద్ద డీఎన్ఏ భాగాలు రెండేసి, మూడేసి నకళ్లుగా ఉన్న చోట్ల తెగడం ఎక్కువగా కనిపిస్తుందని 2004లో ఇవాన్ ఐక్లర్ తదితరులు చూపారు. బీజకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి భాగాలు మార్చుకుంటాయి. ఒకే పోలిక ఉన్న నకళ్లు రెండు చోట్ల ఉంటే ఆ మార్పిడి పొరపాటున తప్పు నకలుతో జరుగుతుంది. నడుమ ముక్క తిరగబడటమో, ఊడిపోవడమో అలా జరుగుతుంది. అయితే నకళ్ల వల్ల తెగడమా, తెగి అతుక్కునేటప్పుడు నకళ్లు ఏర్పడటమా అన్నది అన్ని చోట్లా ఒకేలా ఉండదు.

పెళుసుదనం వంశాన్ని బట్టి కూడా మారుతుంది. గిబ్బన్ కోతులు మనిషికి దగ్గరి చుట్టాలే అయినా వాటి క్రోమోజోములు విపరీతంగా కలగాపులగమయ్యాయి. ఈశాన్య భారత అడవుల్లో ఉండే హూలాక్ గిబ్బన్‌కు 38 క్రోమోజోములు, మరో గిబ్బన్ ప్రజాతికి 52. ఇంతకన్నా ఆశ్చర్యం మొరిగే జింక. మన అడవుల్లో తిరిగే ఈ జింకలో ఆడదానికి 6, మగదానికి 7 క్రోమోజోములేనని 1970లో డోరిస్ వర్‌స్టర్, కర్ట్ బెనిర్‌ష్కే చెప్పారు. దాని చైనా చుట్టానికి 46. జన్యువులు ఎక్కడికీ పోలేదు. చిన్న క్రోమోజోములు ఒకదాని కొసకు ఒకటి అతుక్కుంటూ పోయాయి. మనిషి వంశంలోనూ ఇలాంటిది ఒకసారి జరిగింది. చింపాంజీలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మనిషిలో రెండో క్రోమోజోముగా కలిసిపోయాయి. కొసల్లో ఉండవలసిన డీఎన్ఏ ఆ క్రోమోజోము నడుమ దొరకడాన్ని 1991లో ప్రచురించారు.

లెక్క కుదిరితే పూర్వజీవి జీనోమ్‌నే తిరిగి కట్టవచ్చు కదా అన్న ఆశ సహజం. ఆ ఆశ మరో తగువు తెచ్చింది. అప్పటికే కణశాస్త్రజ్ఞులకు తమదైన పద్ధతి ఉంది. ఒక జీవి క్రోమోజోములకు రంగు డీఎన్ఏ అద్ది, ఆ రంగులు మరో జీవిలో ఎక్కడ అంటుకుంటాయో చూడటం. 1990ల నుంచి ఇలా ఎనభైకి పైగా క్షీరదాలను పోల్చి, మావి ఉన్న క్షీరదాల పూర్వజీవికి 46 క్రోమోజోములు ఉండేవని వారు ఒక అంగీకారానికి వచ్చారు. కొద్ది జీనోమ్‌ల మీద కంప్యూటర్ కట్టిన పూర్వరూపం దీనితో కొన్ని చోట్ల పొసగలేదు. 2006లో లుట్జ్ ఫ్రోనిక్ తదితరులు ఆ తేడాలను ఎత్తి చూపారు. రెండు పక్షాలదీ కొంత నిజమే. రంగుల పద్ధతికి చాలా జీవులు అందాయి కానీ ముక్క లోపలి విలోమం దానికి కనిపించదు. కంప్యూటర్‌కు విలోమాలు కనిపించాయి కానీ దాని ముందున్న కొద్ది జీవుల్లో రెండు, చిట్టెలుక, ఎలుక, మిగతా వాటికన్నా బాగా చెదిరినవి. మూలప్రతిని కట్టడానికి అందరికన్నా ఎక్కువ చెదిరిన ప్రతులను ముందు పెట్టుకున్నట్టయింది.

జీవుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ఇబ్బంది తగ్గింది. అదే 2006లో జియాన్ మా బృందం మొత్తం కోతలను కనిష్ఠం చేయడం కన్నా ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండేదో వంశవృక్షం వెంబడి ఓటు వేసినట్టు తేల్చే పద్ధతి తెచ్చింది. ఆ బాటలోనే 2022లో జోవానా డమాస్, హారిస్ లూయిన్ తదితరులు 32 జీవుల జీనోమ్‌లతో క్షీరదాలన్నిటి పూర్వజీవి క్రోమోజోములను కట్టారు. క్షీరదాల 26 గణాల్లో 23 ఆ పోలికలో ఉన్నాయి. వారి లెక్కలో పూర్వజీవికి లింగ క్రోమోజోములు కాక మరో 19 జతలు ఉండేవి. 32 జీవుల్లోనూ ఒకే క్రోమోజోము మీద, ఒకే వరుసలో నిలిచిన జన్యు ముక్కలు 1,215. పూర్వజీవి క్రోమోజోముల్లో తొమ్మిది, కొన్ని పూర్తిగా, కొన్ని ముక్కలుగా, ఇప్పటి పక్షుల క్రోమోజోముల్లో అదే జన్యు వరుసతో కనిపిస్తాయి. పక్షులు, క్షీరదాల వంశాలు విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటింది.

(సశేషం)